మామ్మ అందుకున్న పాట

మొన్న ఆదివారం మా మనవరాలిని రాజమండ్రిలో పిల్లల పాటల కార్యక్రమానికి తీసుకెళ్ళాను. స్టేజీ మీద కుర్రాళ్ళు గిటార్లు వాయిస్తూ "మీరూ పాడండి" అంటే పిల్లలూ తల్లిదండ్రులూ గొంతు కలిపారు. పక్క సీట్లో ఆవిడ "ఇలాంటివి మన వైపు ఇదే మొదలండి" అంది. నాకు ఒళ్ళు మండింది. "మొదలేంటండీ బాబూ! మా మేనత్త ధవళేశ్వరంలో తొంభైల్లోనే చేసేసింది" అని, ఆవిడ అడక్కపోయినా ఇంటర్వెల్ అంతా చెప్పాను. మీకూ చెబుతాను, తప్పించుకోలేరు.

మా అత్త అక్కడి స్కూల్లో సంగీతం టీచరు. అప్పట్లో పిల్లలు కచేరీకొస్తే వెనకాల కూర్చోబెట్టి, కదిలితే తొడపాశం పెట్టేవారు. అత్తకి అది గిట్టేది కాదు. తనో ముక్క పాడాలి, పిల్లలు బదులు పాడాలి, పెద్దవాళ్ళు తాళం వెయ్యాలి, ఇదీ ఆవిడ కల. ఇరిగేషన్ క్వార్టర్స్ దగ్గర క్లబ్బు హాలు ఉండేది. దాని కోసం కాళ్ళరిగేలా తిరగ్గా తిరగ్గా సెక్రటరీగారు "ఒక్క ఆదివారం ఇస్తానమ్మా. రసాభాస అయితే మాత్రం మళ్ళీ అడక్కండి" అన్నారు. ఇక మా మామ్మ, అంటే అత్తని కన్న తల్లి, కూతురి పాటకి ఏనాడూ గొంతు కలిపింది లేదు. పైగా "టీచరువయ్యుండి జనంలో ఆ కుప్పిగంతులేంటే? నేను చచ్చినా రాను" అని తేల్చేసింది. తీరా ఆ రోజు అందరికంటే ముందు జరీ చీర కట్టుకుని రిక్షా ఎక్కింది కూడా ఆవిడే.

హాలు నిండిపోయింది. అప్పుడు డిగ్రీ చదువుతున్న నేను హార్మోనియం పట్టాను. అత్త నవ్వుతూ తను కట్టిన పాట ఎత్తుకుంది. "గోదారిలో పడవొచ్చే, ఎక్కేదెవరమ్మా?" దానికి పిల్లలు "మేమమ్మా, మేమమ్మా" అని అందుకోవాలి. క్లాసులో గొంతు చించుకుని పాడిన పిల్లలే, ఒక్కరూ నోరు విప్పలేదు. చూద్దును కదా, అందరూ చేతులు కట్టుకుని నోటి మీద వేలేసుకు కూర్చున్నారు! పెద్దలొస్తున్నారు, స్కూలు పరువు పోకూడదని హెడ్మాస్టారు మధ్యాహ్నమే గట్టిగా చెప్పి కూర్చోబెట్టారట. ఆయనేమో ముందు వరసలో ఆ క్రమశిక్షణ చూసి తెగ మురిసిపోతున్నారు. ఆయన ఎదురుగా వేలు తీసే దమ్ము ఎవరికుంది? అత్త మళ్ళీ పాడింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూడోసారి ఇంకా గట్టిగా ఎత్తుకుంది. సెక్రటరీగారు వాచీ చూసుకున్నారు. అయ్యో, ఇంత కష్టమూ ఇంతేనా అని నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి మామ్మ లేచింది. "నేనెక్కుతానే నా తల్లీ, నన్నెక్కించుకోవే!" అని ఎత్తుకుంది. ఈ గట్టు మీంచి ఆ గట్టుకి వినపడే గొంతు ఆవిడది. శ్రుతి ఒక దారి, ఆవిడ ఒక దారి. పిల్లలు పకపకా నవ్వారు. నవ్వాక ఇంక వేళ్ళు నోటి మీద ఎక్కడ నిలుస్తాయి? "మేమమ్మా, మేమమ్మా" అని హాలు దద్దరిల్లిపోయింది. ఎవర్ని కసరాలో తెలీక హెడ్మాస్టారు కూడా చప్పట్లు మొదలెట్టారు. వెళ్ళేటప్పుడు సెక్రటరీగారు "వచ్చే నెల కూడా పెట్టండమ్మా" అన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అక్కడ నెలనెలా పాట సాగింది.

ఇంటికొచ్చాక "రానన్నదానివి, పాడావేంటి మామ్మా?" అని అడిగాను.

"నాట్లేసేటప్పుడు ఒకత్తి పాట విడిస్తే మిగతావాళ్ళు అందుకోవాలే. అందుకోకపోతే ఆ మనిషిని ఒంటరిని చేసినట్టు. నా కూతుర్ని అలా నిలబెట్టి చూస్తూ కూర్చోమంటావా?" అంది కాళ్ళు కడుక్కుంటూ.

గుమ్మంలో నిలబడ్డ అత్త అది విని భోరుమంది. ఆ ఇద్దరి ఇంటి పిల్లనని నాకెంత గర్వమేసిందో చెప్పలేను. అత్తకి అప్పటికి నలభై దాటాయి. ఆవిడ పాటకి తల్లి బదులు పలకడానికి అన్నేళ్ళు పట్టింది. పలికాక మాత్రం, ఆ ఏళ్ళన్నీ ఒక్క పూటలో తీరిపోయాయి.