జీపంతా విన్న పాస్‌వర్డు

మనిషికి ఒక్క పాస్‌వర్డు సరిపోయిన కాలం ఒకటి ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. ఆ రోజుల్లో నాది నా పేరే. (మా చెల్లికి తెలుసు, దాని స్నేహితురాళ్ళకీ తెలుసు.) ఇప్పుడు బ్యాంకుకొకటి, కరెంటు బిల్లుకొకటి, పిల్లల బడికొకటి, మూణ్ణెల్లకోసారి అన్నీ మార్చడం, మార్చినవి మర్చిపోవడం. సాయంత్రానికి ఒంట్లో ఓపిక ఎక్కడికి పోయిందా అని వెతుక్కుంటే ఇందులోకే పోయిందని తేలుతుంది. ఇంత అలసటలోనూ నా మొదటి ఉద్యోగం, అక్కడ నేను కాపాడిన మొదటి రహస్యం గుర్తొస్తే నవ్వొస్తుంది. కాపాడాను అనడం కొంచెం ఎక్కువే.

నాకప్పుడు ఇరవైమూడేళ్ళు. చింతపల్లి దగ్గర కొండమీద ఒక చిన్న కాఫీ రైతుల సంఘంలో కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. మైదానంలో పుట్టినదాన్ని కాబట్టి చలికాలానికి స్వెట్టరొకటి కావాలన్న సంగతి వెళ్ళాక తెలిసింది. శాలువా కప్పుకుని, వేళ్ళు టీగ్లాసుకి ఆనించి కాచుకుంటూ టైపు చేసేదాన్ని. ఆఫీసులో నెట్టు తీగమీద నెమ్మదిగా వచ్చేది. సెల్‌ఫోన్లకి సిగ్నల్ లేదు. బల్లమీది పాత ఫోన్లో అవతలివాళ్ళ మాట మనకి శుభ్రంగా వినిపించేది, మన మాట మాత్రం వాళ్ళకి వినిపించేది కాదు. బాగు చేయించమని అడిగితే, "వింటే చాలదా అమ్మా" అనేవారు సంఘంలో.

ఆ ఏడు రైతుల డబ్బు నేరుగా వాళ్ళ బ్యాంకు ఖాతాల్లోనే పడేటట్టు ఏర్పాటైంది. అందుకు సభ్యులందరి పాస్‌బుక్కులు, పాన్ కార్డులు, ఆధార్ కార్డులు స్కాన్ చేసి విశాఖపట్నంలోని ఆడిటరు ఆఫీసుకి శనివారంలోగా మెయిల్లో పంపాలి. లేకపోతే మరుసటి పంట దాకా ఆగాల్సిందే. అందరికంటే చివర ఒక పెద్దమ్మ వచ్చింది. ఇద్దరు కూతుళ్ళకి పెళ్ళి చేసి, ఎకరన్నర కాఫీతోట ఒంటిచేత్తో చూసుకునే మనిషి. ప్లాస్టిక్ కవరులో చుట్టిన పాస్‌బుక్కు తీసి ఇస్తూ నన్ను పరీక్షగా చూసింది.

"ఏటి సేత్తన్నావు గుంటా దీన్ని?"

"ఫోటో తీసి మెయిల్లో పంపుతాను పెద్దమ్మా."

"దారిలో ఎవులైనా ఇప్పి సూత్తే?"

"ఎవరూ చూడరు," అన్నాను, ఆ మెయిలుకి దారంతా నేనే వేసినంత ధీమాగా.

గురువారం మధ్యాహ్నం అన్నీ కలిపి ఒకే ఫైలు చేసి, ఆడిటరు ఆఫీసు అడ్రసులో మొదటి రెండక్షరాలు కొట్టాను. మిగతాది దానంతటదే వచ్చేసింది. పంపేశాను. టీ తాగి వచ్చి చూస్తే ఆ ఫైలు మాకు ప్రింటరు ఇంకు అమ్మే దుకాణానికి వెళ్తోంది. అదృష్టంకొద్దీ మా నెట్టు మా నెట్టే కాబట్టి ఇంకా పావువంతు కూడా ఎక్కలేదు. గోడకున్న తీగ పట్టుకుని పీకేశాను. ఆ మెయిలు తీసేసి తీగ మళ్ళీ తగిలించాక, దాచుకోవడం చేతకాక, జరిగింది జరిగినట్టు ఆడిటరు ఆఫీసులోని మేడంకి రాశాను. ఐదు నిమిషాల్లో బల్లమీది ఫోను మోగింది. "ఇన్ని కుటుంబాల ఖాతా నంబర్లు తాళం లేకుండా పంపుతారా అమ్మా? ఫైలుకి పాస్‌వర్డు పెట్టండి. అది మెయిల్లో రాయొద్దు, ఫోన్లో చెప్పండి. వింటున్నారా?" అన్నారావిడ. వింటున్నాను. విన్నానని చెప్పే వీలే లేదు.

శుక్రవారం పాస్‌వర్డు తయారు చేశాను. ఒక పెద్దక్షరం, నాలుగు చిన్నక్షరాలు, మధ్యలో ఒక గుర్తు, చివర మూడంకెలు. నాకే భయమేసేలా వచ్చింది. అడ్రసు మూడుసార్లు చూసుకుని ఫైలు పంపి, సాయంత్రం సిగ్నల్ దొరికే ఘాట్ రోడ్డు మలుపు దాకా కిందికెళ్ళే సర్వీసు జీపెక్కాను. జీపులో పదహారుమందిమి. వాళ్ళలో ఆ పెద్దమ్మా ఉంది. మర్నాడు కళ్ళాసుపత్రికి విశాఖపట్నం వెళ్ళాలని, ఆ రాత్రికి కింద ఊళ్ళో కూతురింటికి బయల్దేరింది. మలుపు దగ్గర డ్రైవరన్న నాకోసం బండి ఆపాడు.

మేడం ఫోనెత్తారు కానీ గాలి హోరు. "కె," అన్నాను. "జె?" అన్నారావిడ. "కె మేడం, కాఫీకి కె." మూడోసారికి వెనకసీటు మాస్టారు, "కాఫీకి కె కాదమ్మా, సి అవుద్ది. కాకికి కె అని సెప్పండి," అన్నారు. కాకికి కె అని అరిచాను. గుర్తు దగ్గర మళ్ళీ చిక్కు. "సున్నాలో చిన్న ఎ ఉంటాది, అది," అని డ్రైవరన్న నా భుజంమీంచి ఫోన్లోకి చెప్పాడు. ఏ అక్షరం పెద్దదని మేడం అడిగితే, జీపులో ముగ్గురు ఒకేసారి, "మొదటిది," అన్నారు. అంకెలు రెండు చెప్పేసరికి మంచు దిగింది, సిగ్నల్ పోయింది. పావుగంట ఆగినా రాలేదు. కింది దాకా వెళ్తే ఆ రాత్రి తిరిగి రావడానికి బండి ఉండదు. ఈలోగా మాస్టారు పాస్‌వర్డంతా పేపరు అంచుమీద రాసి, "ఇంకొక్క అంకెమ్మా, అదీ సెప్పేస్తే అయిపోద్ది," అన్నారు ఎంతో సాయం చేస్తున్నట్టు.

జీపులో అందరూ నవ్వారు, పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "మా కాయితాలకి తాళమేసి, తాళంసెవి జీపులో అందరికీ పంచినావు గదే గుంటా," అంది. నాకు ఏడుపొచ్చింది. (ఫైలు చేతిలో లేనివాళ్ళకి పాస్‌వర్డు తెలిసినా ఏమీ కాదని చాన్నాళ్ళ తర్వాత తట్టింది. అప్పుడు తట్టినా ఆవిడ ముందు అనగలిగేదాన్ని కాదు.) నా ముఖం చూసి ఆవిడే మెత్తబడింది. "ఏడవకు. కొత్తది రాసియ్యి. నాను రేపు పట్నం ఎల్తన్నాను గదా, ఆ మేడం సేతికే ఇత్తాను. నాకు సదువు రాదు, ఎవులికి సెప్తాను?"

జీపు దిగి, రోడ్డవతల సిల్వర్ ఓక్ చెట్టు చాటున రెండు కాగితాల మీద కొత్తది రాశాను, నాకొకటి, ఆవిడకొకటి. ఆవిడ కాగితం వెనకాల ఆడిటరు ఆఫీసు చిరునామా రాసి, మేడం పేరు నోటితో చెప్పాను. నేను రాస్తున్నంతసేపూ జీపులో అందరూ మర్యాదగా లోయవైపు చూస్తూ కూర్చున్నారు. డ్రైవరన్నయితే అద్దం కూడా పక్కకి తిప్పాడు. పెద్దమ్మ కాగితాన్ని కొంగున ముడేసుకుని కిందికి, నేను ఎదురొచ్చిన జీపెక్కి పైకి వెళ్ళిపోయాం. కొత్త పాస్‌వర్డుతో ఫైలు మళ్ళీ పంపాను. శనివారమంతా ఏ వార్తా లేదు. ఆదివారం అన్నం సయించలేదు.

సోమవారం ఉదయం ఫోను మోగింది. మేడం. "మీ పెద్దమ్మగారు శనివారం మూడింటికి వచ్చారండీ. రిసెప్షన్లో కాగితం ఇమ్మంటే ఇవ్వలేదు. నేనొచ్చాక నా పేరు అడిగారు. చెప్పాను. 'పేరు ఎవులైనా సెప్తారు, నీ ఆధార్ కార్డు సూపించు' అన్నారు. కార్డులో ఫోటో, నా ముఖం రెండుసార్లు చూసుకుని అప్పుడిచ్చారు. ఫైలు తెరుచుకున్నాక కాగితం చింపించి, ఆ ముక్కలు కొంగున కట్టుకుని వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళుగా ఇక్కడ అందరి కార్డులూ నేనే అడుగుతున్నాను, నా కార్డు అడిగినావిడ ఈవిడొక్కరే. మీ వాళ్ళ పేర్లన్నీ ఎక్కాయి. వింటున్నారా?" వింటున్నాను. రిసీవరు పట్టుకుని, అవతలికి వినపడదని తెలిసీ, థాంక్స్ మేడం అని నాలుగుసార్లు అన్నాను.

ఇప్పుడు నేనుండే ఊళ్ళో సిగ్నల్‌కి లోటు లేదు. పోయిన నెల మా ఆఫీసులో సమాచార భద్రత మీద శిక్షణ పెట్టారు. పాఠం చెప్పడానికొచ్చినతను నాకంటే పదేళ్ళు చిన్నవాడు. "మీలో ఎవరైనా ఎప్పుడైనా పాస్‌వర్డు పైకి చెప్పారా? మొహమాటపడకండి," అన్నాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. నేనూ ఎత్తలేదు. మా విభాగంలో ఆ వ్యవహారాలన్నిటికీ బాధ్యురాలినని నా సంతకమే ఉంది మరి. సాయంత్రం బస్సులో కళ్ళు మూసుకుని, మలుపులో శాలువా కప్పుకుని కాకికి కె అని అరుస్తున్న ఆ పిల్లని కాసేపు చూశాను. ఇన్నేళ్ళ అనుభవంతో దానికేం చెప్పగలనా అని ఆలోచించాను. కాస్త నెమ్మదిగా మాట్లాడమని తప్ప ఇంకేమీ తోచలేదు.