మా ఒక్క గేటు ముందు ట్యాంకర్

పుప్పాలగూడలో మా సందు చివరి కిరాణా దుకాణదారు కార్పొరేటర్ అయ్యాక కూడా పొద్దున ఒక గంట గల్లా దగ్గర కూర్చునేవాడు. తర్వాత ఇస్త్రీ చొక్కా వేసుకుని లోకల్ కేబుల్ ఛానల్‌కు వెళ్లి, ఫోన్లో జనం చెప్పుకునే కష్టాలు లైవ్‌లో వినేవాడు. మంచి మాటకారి. పొట్లాలు కట్టే చేతులు టీవీలోనూ ఊరుకునేవి కావు. నవ్వుకుంటూనే రోజూ చూసేదాన్ని.

నాది అదే సందులో కర్రీ పాయింట్. ఆ ఎండాకాలం ఆరు రోజులు నల్లా రాలేదు. ట్యాంకర్‌కు ఫోన్ చేస్తే ఇంకా నాలుగు రోజులు ఆగమన్నారు. అన్నాళ్లు పొయ్యి వెలిగించకపోతే నా దగ్గర కూరలు కొనే ఆఫీసు పిల్లలు వేరే చోటు చూసుకుంటారు. నాకు అదొక్కటే బతుకుతెరువు.

చింతపండు కోసం దుకాణానికి వెళ్తే ఆయన గొంతు తగ్గించి, "అక్కా, ఇయ్యాల జర టీవీకి ఫోన్ జెయ్యి. కాల్స్ వస్తలేవు. మన గల్లీల అంతా మంచిగుందని చెప్పు, చాలు" అన్నాడు. మొహమాటానికి సరేనన్నాను.

తీరా లైన్ కలిశాక, టీవీలో ఆయన నవ్వు, ఎదురుగా నా ఖాళీ డ్రమ్ము చూసి ఒళ్లు మండింది. "నల్లా వచ్చి ఆరు రోజులైందండీ. సందు సందంతా అల్లాడిపోతున్నాం" అనేశాను. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "రేపు పొద్దుగాల నీళ్లొస్తయి అక్కా, ఫికర్ జెయ్యకు" అని ఫోన్ పెట్టేశాడు.

దుకాణంలో పప్పు పుచ్చిందని ఎవరైనా గొడవ చేస్తే ఆయన వాదించడు. పక్కకు పిలిచి, లోపలి బస్తాలోంచి మంచి పప్పు కట్టిచ్చి పంపేస్తాడు. మిగతావాళ్లకు ఆ పుచ్చు పప్పే. అలా గొడవ చేసి నేనూ రెండుసార్లు మంచి పప్పు తెచ్చుకున్నాను.

మర్నాడు ట్యాంకర్ వచ్చి మా గేటు ముందు ఆగింది. "ఈ ఒక్క ఇల్లే రాసిచ్చిన్రమ్మా" అన్నాడు డ్రైవర్. పక్కింటావిడ రెండు బిందెలతో పరుగెత్తుకొచ్చింది. "మాక్కూడ జర పొయ్యరాదు అక్కా? ముసలాయనకు తానం జేయించి మూడు దినాలైంది" అంది. ఆగమన్నాను. ముందు నా సంపు, తర్వాత నా డ్రమ్ములు నింపుకున్నాను. పైపు ఆవిడ చేతికిచ్చేసరికి ట్యాంకర్ అడుగంటింది, ఒక్క బిందె కూడా పూర్తిగా నిండలేదు.

సాయంత్రానికి కూరలన్నీ అమ్ముడుపోయాయి. మనసు పీకుతుంటే ఇంట్లోకని తీసిపెట్టిన పప్పు ఒక గిన్నెలో పోసుకుని పక్కింటికి వెళ్లాను. ఆవిడ తలుపు తీసి గిన్నె వంక చూసింది.

"వద్దక్కా. గిన్నె కడిగిచ్చేటందుకు మా ఇంట్ల నీళ్లు లెవ్వు."