వింకో కౌంటర్ మీద పెట్టిన కార్డు

సెలవులకు మా దీవికి వచ్చే డైవర్లను నాలుగేళ్ళుగా సముద్రంలోకి దించుతున్నాను. ఎంత లోతు దిగొచ్చో చెప్పే కార్డు ఒకటి ప్రతి డైవరుకూ ఉంటుంది. వాళ్ళలో చాలామంది తమకు వచ్చినదానికన్నా పెద్ద కార్డు చూపించాలని తాపత్రయపడతారు. ఏదో క్వారీ గుంటలో నాలుగుసార్లు మునిగి పెద్ద పేరున్న కార్డు సంపాదించినవాడు దాన్ని కౌంటర్ మీద పెట్టే తీరు చూడాలి, యుద్ధం గెలిచి వచ్చినట్టు ఉంటుంది. నీళ్ళలోకి దిగాక వాడు నా చెయ్యి వదలడు. పెద్ద కార్డు దాచి చిన్నది చూపించినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు వింకో.

వింకో మా దీవికి అవతలి ఒడ్డున ఉన్న రియెకా ఓడరేవులో ముప్పై ఒక్క ఏళ్ళు నీటి అడుగున పనిచేశాడు. ప్రొపెల్లర్లకు చుట్టుకున్న తాళ్ళు కోయడం, ఓడల అడుగు రేకులకు అతుకులు వేయడం, రేవు గోడల కింద పగుళ్ళు తడిమి చూడడం ఆయన పని. అక్కడి నీళ్ళు కాఫీ మడ్డిలా ఉంటాయి, చాచిన చెయ్యి కూడా కనిపించదు. కొత్తలో కళ్ళు చించుకుని చూసేవాడట. చూస్తున్నకొద్దీ వేళ్ళు తప్పు చెబుతున్నాయని గ్రహించి, దిగగానే కళ్ళు మూసుకోవడం అలవాటు చేసుకున్నాడు. తడిమి చూసి ఓడ వయసు చెప్పేవాడని ఆయన భార్య నేవెంకా తర్వాత నాతో అంది. ఆయనకప్పటికి అరవై. జనవరిలో జరిగే పరీక్షలో డాక్టరు ఇక లోతుకు వెళ్ళొద్దంటాడని ఇద్దరికీ తెలుసు.

నేవెంకా పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. భర్త రోజూ ఎక్కడికి వెళ్ళి వస్తున్నాడో ఒక్కసారైనా చూడాలని ఆ వసంతంలో ఈతకొలనులో డైవింగ్ నేర్చుకుంది. ఆమెకు తోడుగా వింకో కూడా చేరాడు. పన్నెండేళ్ళ పిల్లల పక్కన కూర్చుని, మాస్కులోకి వచ్చిన నీళ్ళు బయటికి ఊదడమెలాగో ఒక కుర్ర మాస్టారు చెబుతుంటే బుద్ధిగా విన్నాడట. ఇద్దరికీ పద్దెనిమిది మీటర్ల కార్డులు వచ్చాయి.

సెప్టెంబరు ఆఖరు వారంలో, తిరుగు ప్రయాణానికి ముందురోజు పొద్దున వాళ్ళు మా దగ్గరికి వచ్చారు. బోర్డు మీద ఆ రోజు రెండు పడవలు రాసి ఉన్నాయి. పెద్ద పడవ నలభై మీటర్ల లోతున మునిగి ఉన్న సరుకుల ఓడ దగ్గరికి వెళుతుంది, చిన్నది దగ్గర్లో కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు కయ్యలోకి. మర్నాటి నుంచి దక్షిణపు గాలి మొదలవుతుంది. ఆ తర్వాత మే నెల దాకా ఆ ఓడ దగ్గరికి ఎవరూ వెళ్ళరు.

మా యజమానురాలు తోంకా పద్ధతి ఒకటే. కార్డు ఏ లోతు చెబితే ఆ పడవ. పెద్ద కార్డువాళ్ళు చిన్న పడవ ఎక్కుతామంటే కాదనదు కానీ, ఇద్దరు కొత్తవాళ్ళను కనిపెట్టుకుని ఉండే పని వాళ్ళకు అంటగడుతుంది.

వింకో గోడ మీద ఉన్న ఆ ఓడ ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. సముద్రపు అడుగున నిటారుగా కూర్చున్న ఓడ, దాని మీద విరగని స్తంభం. తర్వాత వచ్చి చిన్న కార్డు కౌంటర్ మీద పెట్టాడు. నేవెంకా తన కార్డు తీసింది. దాంతోపాటు చేతిసంచిలోంచి అంచులు అరిగిన నీలం కార్డు ఒకటి తీసి పక్కన పెట్టింది. రేవు డైవర్లకిచ్చే కార్డు అది.

"ఇల్లంతా వెతికినా దొరకలేదన్నావుగా. ఫ్రిజ్ వెనకాల ఉంది," అంది.

"పిల్లి లాక్కెళ్ళి పెట్టి ఉంటుంది."

"మనకు పిల్లి లేదు వింకో."

తోంకా నవ్వాపుకుని నీలం కార్డును వెలుతురులో తిప్పి చూసింది. "ఇంకేం బర్బా, పెద్ద పడవలో ఒక చోటు ఖాళీగా ఉంది," అంది. మా దీవుల్లో పెద్దవయసు మగవాళ్ళను అందరం బర్బా అనే పిలుస్తాం.

నేవెంకా భర్త వైపు తిరిగింది. "ముప్పై ఒక్క ఏళ్ళు ఓడల కింద పాకావు. ఒక్క ఓడనైనా ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశావా? అక్కడ ఒకటి నీకోసం నిలబడి ఉంది. వెళ్ళు. నేను ఈ అబ్బాయితో దిగుతాను," అని నన్ను చూపించింది.

వింకో మళ్ళీ ఫొటో వైపు చూశాడు. ఆయనకు ఎంత ఆశగా ఉందో ఆ చూపు చెబుతూనే ఉంది. తర్వాత నీలం కార్డును ఒక వేలితో భార్య వైపు జరిపాడు.

"ఇది నా చేతులకిచ్చారు నేవా. దీంతో అక్కడికి దిగితే ఈ చేతులు మళ్ళీ పని వెతుక్కుంటాయి. నీళ్ళలో చూడడం నాకు రాదు. అది నీతోపాటే మొదలుపెట్టాను, నాకు వచ్చింది ఇంతే." తోంకా వైపు తిరిగాడు. "అబద్ధం కాదమ్మా. కొత్తవాడని రాసుకో."

నేవెంకా నీలం కార్డును చేతిసంచిలో పడేసి, ఆయనకన్నా ముందు నడిచి చిన్న పడవ ఎక్కింది.

కయ్యలో పదకొండు మీటర్లు దిగాం. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే ఎదుటి కొండ పాదం దాకా కనిపిస్తోంది. వింకో దిగిన తీరు చూసి నేను ఈదడం మర్చిపోయాను. కాళ్ళు ఆడించలేదు, చేతులు ఆడించలేదు, రాయి తనంతట తాను ఆలోచించుకుని దిగినట్టు దిగాడు. మేం నాలుగు ఊపిర్లు తీస్తే ఆయన ఒకటి తీశాడు. అడుగున రాతిగోడకు చేరి దాన్ని వేళ్ళతో చదవడం మొదలుపెట్టాడు. మాస్కులోకి తొంగి చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నాడు.

కళ్ళు తెరవమని చెప్పడానికి ఏ కార్డు చదువులోనూ సైగ లేదు. నేవెంకా మెల్లగా వెళ్ళి ఆయన మాస్కు అద్దం మీద తలుపు తట్టినట్టు వేలితో రెండుసార్లు కొట్టింది.

కళ్ళు తెరిచాడు. ముందు ఆమెను చూశాడు, తర్వాత ఆమె వెనక గుంపుగా నిలబడిన నల్ల చేపలను, అడుగున సముద్రపు పచ్చిక మీద కదులుతున్న ఎండను. చేతులు గోడ మీంచి తీసి వీపు వెనక ఒకదాన్నొకటి పట్టుకున్నాడు. అప్పుడు తల పైకెత్తాడు.

పైన మా పడవ ఉంది. రోజూ చూసే పడవే. ముక్కు నుంచి చుక్కాని దాకా తన అడుగంతా చూపిస్తూ వెలుగులో వేలాడుతోంది, దానికింద నీళ్ళున్నాయని నమ్మబుద్ధి కాలేదు. వింకో వెల్లకిలా తిరిగి దాని కింద ఆగిపోయాడు. ఆయన పక్కన నేవెంకా ఆగింది. అన్నేళ్ళు ఆయన చేతులు మూరమూరగా మాత్రమే ఎరిగిన ఆకారం ఒక్కసారిగా ఆయన ముందుంది. ఇదే చోట నేను ఆరేడు వందలసార్లు తల పైకెత్తి ఉంటాను. ఆ రోజు దాకా దాన్ని చూడలేదని వాళ్ళ పక్కన తేలుతుండగా తెలిసింది. పైకి వెళ్దామని సైగ చెయ్యాల్సిన సమయం దాటిపోయినా చెయ్యలేదు. నేవెంకా సిలిండర్లో గాలి తగ్గాకే పైకి వచ్చాం.

పడవెక్కాక వింకో అన్న మొదటి మాట, చుక్కాని దగ్గర తుప్పు పట్టకుండా బిగించిన జింకు దిమ్మ అరిగిపోయింది, చలికాలంలోపు మార్చమని. నేవెంకా తన తువ్వాలు ఆయన భుజాల మీద కప్పింది.

రేవుకు వస్తుండగా కొత్తవాళ్ళు నింపాల్సిన పుస్తకం ఇద్దరికీ ఇచ్చాను. లోతు పదకొండు, సమయం నలభై ఎనిమిది నిమిషాలు. నీళ్ళలో ఎంత దూరం కనిపించిందో రాసే గడి దగ్గర వింకో పెన్ను ఆగింది. రియెకా రేవులో రాసిన వేల రిపోర్టుల్లో ఆ గడిలో సున్నా తప్ప వేరే అంకె వెయ్యలేదట.

"ముప్పై మీటర్లు రాయండి బర్బా," అన్నాను.

"ఈ పడవ పొడవెంత?"

"తొమ్మిది మీటర్లు."

గడిలో తొమ్మిది అని రాశాడు. ముప్పై అని నేను మళ్ళీ అన్నాను.

"ఉండొచ్చు. నేను చూసింది ఇంత," అని పుస్తకం నేవెంకా చేతికిచ్చాడు. ఆమె ఆ అంకెను చదివి, తన పుస్తకంలో రాసిన ముప్పైని కొట్టేసి తొమ్మిది వేసుకుంది.