కప్పు తెచ్చిన కూత ఏ పేజీలో ఉంది?

మొన్న ఆదివారం నిండు సభలో నా పుస్తకంలోంచి ఒక పేజీ చదివాను. జనం చప్పట్లు కూడా కొట్టారు. చిక్కల్లా ఏందంటే, ఆ పేజీ పుస్తకంలో లేదు.

మాది నూజెండ్ల దగ్గర పల్లె. నా చిన్నప్పుడు మా ఊరి కబడ్డీ టీము స్టేట్ కప్పు కొట్టింది. ఊరికి ఇప్పటికీ అదే గొప్ప. ఆ కథ పుస్తకంగా రాస్తానని నేనే నెత్తినేసుకున్నా. బానే రాశా. ప్రింటింగుకిచ్చే ముందు మొదలైంది తంటా. ఊళ్ళో రెండు పార్టీలు. ఈ నాయకుడి ఫొటో ఫుల్ పేజీ వేస్తే ఆ నాయకుడిదీ వెయ్యాల. స్కేలు పెట్టి కొలిచి మరీ సమానం చేశా. పేజీలు చాలక ఆటను కోసుకుంటా పోయా. చివరికి ఫైనల్ మ్యాచ్ ఒక్క లైనయింది: హోరాహోరీగా పోరాడి గెలిచారు.

పుస్తకం ఆవిష్కరణ సభలో ముందు వరసలో అప్పటి కెప్టెన్ కోటయ్య బాబాయ్. మా వీధే. కంటి ఆపరేషనై నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఫైనల్లో ఆఖరి కూతకెళ్ళి, ముగ్గుర్ని అవుట్ చేసి, మోకాలు చితికినా గీత తాకింది ఆయనే. పుస్తకం నా చేతికిచ్చాడు.

"ఒరేయ్ అబ్బాయా, నా కూత కాడ చదవరా."

గబగబా పేజీలు తిప్పా. ఎటు తిప్పినా దండం పెడుతున్న నాయకుల ఫొటోలే. ఇక తప్పక ఒక నాయకుడి మొహం చూస్తా, గుర్తున్న కూతంతా గడగడా చదివేశా. బాబాయ్ మోకాలు నిమురుకుంటా విన్నాడు.

"ఆ పేజీ మడతపెట్టు. బుధవారం అద్దాలు తీస్తారు. నేనే చదువుకుంటా."

సంతకం పెట్టి ఇస్తానని పుస్తకం ఇంటికి తెచ్చేసుకున్నా. మూడు రోజులు అన్నం సయించలేదు. ఆ కూతని నాలుగు పేజీలు రాసి, టైపు చేయించి, మడత కాడ అంటించి, బుధవారం పొద్దున్నే ఇచ్చొచ్చా. రెండో ముద్రణ, ఒకే కాపీ.

సాయంత్రం బాబాయ్ పిలిపించాడు.

"బానే ఉందిరా. కానీ ఆదివారం ఆ ఫొటోలోంచి చదివావే, అదింకా బాగుంది."

ఎట్టా తెలిసిందని అడిగా.

"ఆపరేషన్ ఒక కంటికే కదరా."

"మరి మడతపెట్టమన్నావేంది?"

"లేకపోతే రాసేవాడివా?"

ఆ నాలుగు పేజీల్లో ఒక తప్పుంది, దిద్దుకోవాల. ఆ కూతలో బాబాయ్ అవుట్ చేసింది ముగ్గుర్ని కాదు, నాతో కలిపి నలుగుర్ని.