నేను వెళ్లినప్పుడల్లా వచ్చే సిగ్నల్

రెండేళ్ల కిందటి ఆషాఢం. ఎమ్మిగనూరు నుంచి నందవరం పోయే దారిలో పక్కకు తిరిగితే, కొండను తొలిచి రాయి తీసే పెద్ద క్వారీ ఒకటి ఉంది. నేను ఆదోనిలో ఉంటాను. క్వారీల్లో, గనుల్లో తిరిగే భారీ యంత్రాలకు వైర్‌లెస్ పెట్టెలు బిగించడం, చెడిపోతే బాగుచేయడం నా పని. పద్దెనిమిదేళ్లుగా ఇదే బతుకు. ఇంట్లో టీవీ రిమోట్ మాత్రం మా ఆవిడ నన్ను ముట్టుకోనివ్వదు, అది వేరే సంగతి.

క్వారీ అంటే మెట్లుమెట్లుగా దిగే గొయ్యి. ఒక్కో మెట్టును బెంచి అంటారు. గొయ్యి అంచున, ఒక వేపచెట్టు పక్కన, మా మాస్టు ఉంటుంది. మాస్టు అంటే యాంటెన్నాను మోసే స్తంభం. ప్రతి యంత్రంలోనూ మోడెమ్ అనే చిన్న పెట్టె ఉంటుంది. యంత్రం ఎక్కడుందో ఆ పెట్టె మాస్టుకు చెబుతుంది, మాస్టు ఆఫీసులోని తెరకు చెబుతుంది. తెర మీద ఒక్కో యంత్రానికి ఒక్కో పచ్చ చుక్క. రాయి పేల్చేముందు అన్ని చుక్కలూ దూరంగా ఉన్నాయని చూసుకున్నాకే మందుకు నిప్పు పెడతారు. అందుకే పెట్టె ఆపేసిన ఆపరేటర్‌ను పనిలోంచి తీసేస్తారు. మనిషి ప్రాణంతో ముడిపడ్డ విషయం కాబట్టి ఆ రూలును నేను తప్పుపట్టను.

మస్తాన్ వలీ అడుగు బెంచిలో పొక్లెయిన్ నడుపుతాడు. యాభై దాటిన మనిషి. మధ్యాహ్నం డంపర్లన్నీ భోజనానికి పైకి వచ్చేస్తాయి. ఇతనొక్కడే కింద ఉండి, వదులుగా వేలాడే రాళ్లు దించి, ఆ తర్వాత తింటాడు. సరిగ్గా ఆ గంటలోనే అతని చుక్క తెర మీంచి మాయమవుతోందని మేనేజర్ ఫోన్ చేశాడు.

"వాకీటాకీలో పిలిస్తే పలుకుతాడయ్యా, చుక్క మాత్రం ఉండదు. పని ఆపాడని తెలియకుండా పెట్టె ఆపేసి కునుకు తీస్తున్నాడు. నువ్వొచ్చి చూసి రాసిచ్చెయ్" అన్నాడు.

బయల్దేరేముందు మస్తాన్‌కు ఫోన్ చేసి, మధ్యాహ్నానికి వస్తున్నా మిషన్ దగ్గరే ఉండమన్నాను. వెళ్లి వ్యాను వేపచెట్టు కింద పెట్టి, లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. చుక్క కొండలా కదలకుండా ఉంది. రెండు గంటలు చూశాను. ఒక్క క్షణం కూడా ఆరలేదు.

మస్తాన్ పైకి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "సారూ, అల్లా మీద ఒట్టు, నేను దాన్ని ముట్టుకోను. దాని స్విచ్చి యాడుందో గూడా నాకు తెల్దు."

అది నిజమే. బిగించిన రోజు నేనే అతనికి చూపించలేదు.

మూడు రోజులకు మళ్లీ అదే ఫిర్యాదు. మళ్లీ ఫోన్ చేసి, మళ్లీ వెళ్లాను. మోడెమ్ మార్చాను, కేబుల్ మార్చాను, కనెక్టర్లు విప్పి తుడిచి బిగించాను. ఎండకు వేడెక్కుతోందేమో అనుకున్నాను, లేదు. గాలికి మాస్టు ఊగుతోందేమో అనుకున్నాను, అదీ కాదు. ఆషాఢం గాలికి భయపడి మాస్టును సగానికి దించమని నేనే చెప్పి ఉన్నాను. నేను ఉన్నంతసేపూ చుక్క బంగారంలా వెలిగింది. ఏం చేయను? "పరికరంలో లోపం లేదు" అని రాసి సంతకం పెట్టి వచ్చేశాను.

మర్నాడే చుక్క మళ్లీ పోయింది. మేనేజర్ గొంతులో ఈసారి తొందర లేదు. "నువ్వే రాశావుగా లోపం లేదని. అంటే లోపం మనిషిదే. శనివారంతో పంపించేస్తున్నాం."

నేను రాసింది అబద్ధం కాదు. అయినా ఆ రాత్రి రిపోర్టు నకలు తీసి మళ్లీ మళ్లీ చదువుకున్నాను. మరుసటి రోజు మస్తాన్ ఫోన్ చేశాడు. "ఇరవై ఏండ్లు మిషన్ తోలినా సారూ. పండుకున్న్యాడని పేరొస్తే ఇంగ యా క్వారీలో ఎక్కనిస్తారు?" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నాకేమీ పాలుపోలేదు. లోపం ఉంటే నా ముందు కూడా ఉండాలి, లేకపోతే ఎప్పుడూ ఉండకూడదు. నేను వెళితే నయమయ్యే జబ్బేమిటి? "నిన్ను చూసి భయపడుతోందేమోలే" అని మా ఆవిడ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది.

శనివారం నా వ్యాను షెడ్డులో ఉంది. వేరే పని మీద బస్సులో ఎమ్మిగనూరు వెళ్లాను. పని అయిపోయినా కాళ్లు ఇంటివైపు కదల్లేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పాలని ఎవరికీ ఫోన్ చేయలేదు. ఆటో ఎక్కి, రోడ్డు మీద దిగి, దుమ్ములో నడుచుకుంటూ క్వారీకి చేరాను.

భోజనాల వేళ. దుమ్ము అణచడానికి నీళ్లు చల్లే ట్యాంకర్ వేపచెట్టు కింద నిలబడి ఉంది. దాని పక్కన నలుగురు సద్దులు విప్పుకుని తింటున్నారు. నేను ఓ రాయి మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. మస్తాన్ చుక్క లేదు! సిగ్నల్ చచ్చిందని నా జన్మలో మొదటిసారి సంతోషించాను. లేచి గొయ్యిలోకి చూస్తే పొక్లెయిన్ చెయ్యి ఆడుతూనే ఉంది. ఆ మనిషి నిద్రపోవడం లేదు. ఒకరి వాకీటాకీ తీసుకుని పిలిచాను.

"మస్తాన్, పెట్టెలో పచ్చ లైటు వెలుగుతోందా?"

"ఎలుగుతాంది సారూ. మీరు యాడుండారు?"

అంతా వెలుగుతోంది, సిగ్నల్ మాత్రం సున్నా. నా బుర్ర తిరిగిపోయింది. అంతలో ట్యాంకర్ డ్రైవర్ రామాంజనేయులు నన్ను చూశాడు.

"ఏం సారూ, సెప్పకుండా వచ్చినారే! ఎండలో కూసున్న్యారేంది? ఉండండి, బండి తీస్తా."

చెయ్యి కడుక్కుని ట్యాంకర్‌ను పక్కకు తీశాడు. నా తెర మీద పచ్చ చుక్క టక్కున వెలిగింది.

"వెనక్కి తే!" అని అరిచాను.

"ఏమైంది సారూ?"

"తే అప్పా!"

తెచ్చాడు. చుక్క పోయింది. తీయమన్నాను. వచ్చింది. నాలుగుసార్లు చేయించాను. తినేవాళ్లు ముద్ద చేతిలో పట్టుకుని నాకు పిచ్చెక్కిందనుకున్నారు.

మా మోడెమ్ తరంగాలకు లైన్ ఆఫ్ సైట్ కావాలి. అంటే యాంటెన్నాకు యాంటెన్నా అడ్డం లేకుండా కనబడాలి. నేను దింపించిన మాస్టుకూ అడుగు బెంచికీ మధ్య, నీళ్లు నిండిన ఇనుప ట్యాంకు గోడలా నిలబడేది. వాకీటాకీ తరంగాలు వేరు, అవి అడ్డాన్ని చుట్టుకుని పోగలవు. పొట్టిగా ఉండే నా వ్యాను దేనికీ అడ్డం రాలేదు. ఇదంతా ఎమ్మెస్సీ చదువు కాదు, నా వృత్తిలో మొదటి పాఠం.

"మరి నేనొచ్చినప్పుడు ట్యాంకర్ ఇక్కడ లేదేమప్పా?"

"మీరొస్తే తీస్తాం గదా సారూ. మీ బండి పెట్టుకోవల్ల గదా ఈడ."

"తీయమని ఎవరు చెప్పారు?"

రామాంజనేయులు గొయ్యిలోకి చెయ్యి చూపించాడు. "ఇంకెవురు, మస్తానన్న. సారు మనకోసరం ఆదోని నుంచి వస్తాండాడు, ఆయప్ప పెట్టెలు ఎండకు కాగిపోతాయి, నీడ ఇడ్సు అని ముందే వాకీటాకీలో సెప్తాడు."

నేను ఫోన్ చేసిన ప్రతిసారీ, తనను కాపాడే సాక్ష్యాన్ని ఆ మనిషి తన నోటితోనే పక్కకు తీయించాడు, నా మీద గౌరవంతో.

మేనేజర్ వచ్చి కళ్లారా చూసి, మస్తాన్‌ను పైకి పిలిపించాడు. మస్తాన్‌కు ఇవ్వాల్సిన కాగితాన్ని చింపేశాడు. మాస్టు పైకెత్తించి, ట్యాంకర్‌కు వేరే చోటు చూపించాడు. క్షమించమని మాత్రం అనలేదు, "టీ తాగుతావా మస్తాన్?" అన్నాడు. నేనే అందరి ముందూ తప్పు నాదన్నాను. మస్తాన్ మొదట నవ్వాడు, తర్వాత తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"అట్లయితే సారూ, వచ్చినోనికి నీడ ఇచ్చేది తప్పా?" అన్నాడు.

నేను లాప్‌టాప్ మూసి, అతనితో పాటు టీకి నడిచాను.

అప్పటినుంచి ఉత్త "లోపం లేదు" అని ఏ రిపోర్టులోనూ రాయలేదు. నేను చూసినప్పుడు చుట్టూ ఏమేమి ఉన్నాయో, నా కోసం ఏవేవి జరిపారో అడిగి మరీ రాస్తాను. ముందుగా ఫోన్ చేయను. ఎంత చెట్టు నీడ కనబడినా వ్యాను ఎండలోనే పెడతాను.

ఆ క్వారీకి పోయినప్పుడు మాత్రం ఇది సాగదు. మస్తాన్ ఎలా పసిగడతాడో, పైకి వచ్చి, భుజం మీది తువ్వాలు నీళ్లలో తడిపి పిండి, నా పెట్టెల మీద కప్పి పోతాడు.