తడిచేత్తో పట్టి చూడు

మా కమ్మరి మావయ్య పోయాడన్న కబురు నాకు బళ్ళో ఉండగా తెలిసింది. బందరులో చేపలమ్ముకుని తిరిగొస్తున్న మా వీధి ఆవిడ గంప దించకుండానే కిటికీ దగ్గర నిలబడి, "అమ్మాయ్, మీ కమ్మరాయన పొద్దున్నే పోయాడంట" అంది. పిల్లలు తలలు వంచుకుని పలకల మీద రాసుకుంటున్నారు. నేను నల్లబల్ల వైపు తిరిగి, రాసిన అక్షరాన్నే మళ్ళీ మళ్ళీ దిద్దుతూ కాసేపు ఉండిపోయాను. ఇనుము పెట్టి కొట్టే దాగలి ముందు కూర్చుని తన భార్యను, అదే మా అత్తయ్యను, కాఫీ అడిగాడట. ఆవిడ గ్లాసు పట్టుకొచ్చేసరికి గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడట. అంతే.

ఆయన నాకు చుట్టం కాదు. బందరులో మా పుట్టింటికీ ఆయన కొలిమికీ మధ్య ఒక తడిక మాత్రం అడ్డం. మా అమ్మ చేపల గంప ఎత్తుకుని వెళ్తే తిరిగొచ్చేదాకా నన్ను చూసుకున్నది అత్తయ్యే. ఆ సుత్తి చప్పుడు వింటూనే అన్నం తిన్నాను, పాఠాలు చదువుకున్నాను. ఇప్పుడు గిలకలదిండి బళ్ళో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పుతున్నాను. చదువుకున్నవాళ్ళు పోతే రాసేవాళ్ళు ఉంటారు. మా మావయ్య గురించి రాసేవాళ్ళెవరూ లేరు కాబట్టి నేను కూర్చున్నాను.

కొడవళ్ళు, నాగటి కర్రులు అందరు కమ్మరుల్లాగే ఆయనా చేసేవాడు. పేరు మాత్రం కత్తులకు వచ్చింది. సంతలో దొరికే కత్తి సంగతి వేరు, ఆయన దగ్గర చెప్పి చేయించుకునే కత్తి సంగతి వేరు. వచ్చినవాళ్ళను బల్ల మీద కూర్చోబెట్టి ముందు ప్రశ్నలు వేసేవాడు. ఏం కోస్తారు? కూర్చుని కోస్తారా, నిలబడా? ఉప్పునీళ్ళలో వాడతారా, మంచినీళ్ళలోనా? చివరికి "ఏదీ, చెయ్యి ఇటివ్వండి" అని అరచెయ్యి తిప్పి చూసేవాడు. జోస్యుడి దగ్గరికి వచ్చామా అని కొందరు నవ్వేవారు. ఆ తర్వాతే ఆయన లేచి మూలనున్న లారీ కమాను పట్టీల్లోంచి ఇనుము ఏరేవాడు.

గుమ్మానికి తీగతో మూడు ఇనపరేకులు వేలాడుతూ ఉండేవి. ఒకటి నిప్పులోంచి తీసి వేడి మీదే ఆముదం పట్టించిన నల్లది. ఒకటి ఆకురాయితో రాసి వదిలేసింది, దగ్గరగా చూస్తే సన్నటి గీతలు కనిపించేవి. మూడోది అద్దంలా మెరుగు పెట్టింది. దాన్ని కొత్తగా కట్టిన రోజున మేం ఆడపిల్లలం అందులో చూసుకుని బొట్టు సరిచేసుకునేవాళ్ళం. కత్తికి ఏ ముగింపు కావాలో జనం వాటిని చూసి చెప్పాలి. సముద్రపు గాలికి వారం తిరక్కుండానే మెరుగురేకు మీద ఎర్రచుక్కలు లేచేవి. ఆయన వాటిని తుడిచేవాడు కాదు. "చుక్కలు కూడా చూసుకునే అడగాలి కదా" అనేవాడు.

నాకు పదేళ్ళప్పుడు దివిసీమ నుంచి ఒకావిడ వచ్చింది. చాపలకు తుంగ కోసి ఎండబెట్టి చీల్చే పని ఆవిడది. కత్తి పట్టుకుని చూపించమంటే కుడిచేత్తో పట్టుకుంది. మావయ్య ఆవిడ ఎడమ అరచేతి కాయలు చూస్తూ, "ఆ చేత్తో కాదు, నిజంగా కోసే చేత్తో పట్టు తల్లీ" అన్నాడు. ఆవిడ సిగ్గుపడిపోయి కత్తి ఎడంచేతిలోకి మార్చుకుంది. చిన్నప్పట్నుంచీ ఆ చెయ్యి చూపిస్తే తిట్టేవారట. అందుకని కొత్తవాళ్ళ ముందు దాచేస్తుందట. "నీ చెయ్యి ఎట్లా ఉంటే కత్తి అట్లా ఉండాలి. కత్తి కోసం చెయ్యి మార్చుకుంటారా ఎవరైనా?" అని, పదునుండే వాదర రెండో వైపుకి తీసి చేసి ఇచ్చాడు. ఆవిడ అక్కడే ఒక తుంగపోచ చీల్చి చూసుకుంది. పోచ మొదలు నుంచి చివరిదాకా సాఫీగా రెండుగా విడిపోతే, మావయ్య కంటే ముందు నేను చప్పట్లు కొట్టాను.

అంత తెలిసినవాడు నా విషయంలో ఒకసారి తన పద్ధతి తప్పాడు. అది చెప్పకుండా ఆయన గురించి ఏం చెప్పినా సగమే అవుతుంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాదే నాకు గిలకలదిండి సంబంధం కుదిరింది. మా ఆయన సముద్రం మీదకు వెళ్ళే మనిషి. అప్పటికింకా ఇంజను పడవలు రాలేదు, తెరచాపలే. ఆయన మొలలో ఉండే కత్తి పిడికి గుడ్డపేలికలు చుట్టి ఉండేవి. నాకది నామోషీగా ఉండేది. పెళ్ళయిన ఆరు నెలలకు పుట్టింటికి వెళ్ళినప్పుడు నేరుగా కొలిమి దగ్గరికి వెళ్ళాను.

"మీ అల్లుడికి కత్తి కావాలి మావయ్యా" అన్నాను.

"దేనికి?"

"పడవ మీదకి. వల చిక్కుపడితే తెంపాలి, తాళ్ళు కొయ్యాలి."

"అయితే నలుపే చేస్తాను. తుమ్మకర్ర పిడి పెడతా. కాస్త గరుగ్గా వదిలేస్తా."

"నలుపా? వంటింటి కత్తిలా ఉంటుంది. నాకు అద్దం మెరుగు కావాలి. గేదె కొమ్ము పిడి, నున్నగా ఉండాలి. పిడి చివర్లకు రెండు ఇత్తడి పొన్నులు వెయ్యండి. పిడి మీద ఆయన పేరు మొదటి అక్షరం కూడా."

"కొమ్ము తడిస్తే జారుతుందమ్మాయీ."

"ఆయన చెయ్యి జారే చెయ్యి కాదులే!"

లోపల్నుంచి అత్తయ్య నవ్వింది. "కొత్త పెళ్ళికూతురు నోరు తెరిచి అడుగుతుంటే ఆ ప్రశ్నలేంటండీ, చేసివ్వక" అంది. మావయ్య నా ముఖం వంక ఒక్క క్షణం చూసి, "సరే" అన్నాడు.

అంత అందమైన కత్తి నేను మళ్ళీ చూడలేదు. కొమ్ము పిడి నల్లటి నీళ్ళలా నిగనిగలాడేది. మా ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. వారం రోజులు సముద్రం మీదకే తీసుకెళ్ళలేదు, రేవులో అందరికీ చూపించుకున్నాడు. తర్వాత మొలలో పెట్టుకుని వెళ్ళాడు.

వర్షాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, వల తాడు చుక్కానికి చుట్టుకుని పడవ పక్కకు ఒరిగిపోతుంటే, తాడు తెంపడానికి కత్తి తీశాడట. చేతులకు చేపల జిగురు, పైన వాన. బలమంతా పెట్టి పొడిచేసరికి పిడి మీద నుంచి చెయ్యి ముందుకు జారి వాదర మీదకు వెళ్ళిపోయింది. తాడు తెగింది. పడవ నిలబడింది. ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్ళ నరాలు తెగిపోయాయి. బందరు ఆసుపత్రిలో డాక్టరుగారు కుట్లు వేసి, గాయం మానుతుంది గాని ఆ వేళ్ళు ఇక ముడుచుకోవని చెప్పారు.

మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. వలల వాసన వస్తే లేచి వెళ్ళిపోయేవాడు. నేను కత్తిని చీర పేలికలో చుట్టి చూరులో దోపేశాను. బందరు వెళ్ళడం మానేశాను. మావయ్యకు ఏ ముఖంతో చెప్పను?

మా అమ్మ చెప్పేసింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం, నెత్తిన తువ్వాలు వేసుకుని, బందరు నుంచి నడుచుకుంటూ మావయ్య మా గుమ్మం ముందుకు వచ్చాడు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. మా ఆయన పక్కన చతికిలబడి, "చెయ్యి ఇటివ్వు అల్లుడూ" అన్నాడు. కట్టు విప్పించి చాలాసేపు చూశాడు.

నేను ఉండబట్టలేక, "తప్పు నాది మావయ్యా. మీరు వద్దంటున్నా నేనే పట్టుబట్టాను" అని ఏడ్చేశాను.

ఆయన నా వైపు తిరగలేదు. "నీకు ఇనుము సంగతి తెలీదు, అడిగావు. నాకు తెలుసు. తెలిసీ నీ ముఖం చూసి ఊరుకున్నాను. కొమ్ముకు నున్నగా మెరుగు పెట్టింది ఈ చేతులే కదమ్మా" అన్నాడు. మా ఆయనతో మాత్రం, "నన్ను తిట్టు అల్లుడూ, మనసులో పెట్టుకోకు" అన్నాడు. మా ఆయన తిట్టలేదు. అన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆయన కళ్ళలో నీళ్ళు చూశాను.

వెళ్ళేటప్పుడు మావయ్య ఆ కత్తి అడిగి తీసుకున్నాడు.

మళ్ళీ వారానికి బంకమట్టి ముద్ద ఒకటి తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. దాన్ని మా ఆయన చేతిలో పెట్టి, "ఎంత పట్టగలవో అంతే పట్టు, బలవంతం చెయ్యకు" అన్నాడు. మూడు వేళ్ళు మట్టిలోకి దిగాయి, రెండు పైన చాచుకుని ఉండిపోయాయి. ఆ అచ్చు చూసుకుని తుమ్మకర్రతో పిడి చెక్కాడు. ముందు వైపు లావు, వెనక సన్నం. చెయ్యి ముందుకు జారకుండా వాదర దగ్గర బొటనవేలంత ఇనప అడ్డు. మొదటి పిడి బరువైంది. రెండోది పట్టుకుంటే చూపుడువేలి కింద ఒరుసుకుంది. మా ఆయన విసుక్కుని, "ఎందుకు మావయ్యా ఈ అవస్థ? నేను సముద్రం మీదకు వెళ్ళేవాణ్ణి కాదు ఇక" అన్నాడు.

"వెళ్తావో లేదో నీ ఇష్టం. నేనేమీ అడగను. కత్తి మాత్రం పట్టుకుని చూడు" అన్నాడు మావయ్య.

మూడోది తెచ్చిన రోజున నన్ను ఒక కానాగంత చేపను తెమ్మన్నాడు. దాని జిగురంతా పిడికి రాసి, మా ఆయన చేతికీ రాసి, పెరట్లో గుంజకు కట్టిన తాడు తెంపమన్నాడు. మా ఆయన మొదట మెల్లగా కోశాడు. చెయ్యి కదల్లేదు. ఇంకో తాడు కట్టమన్నాడు. ఈసారి పొడిచి లాగాడు. మూడో తాడు తనే కట్టుకున్నాడు. కత్తి నల్లగా ఉంది, మెరుపూ లేదు, అక్షరమూ లేదు. మావయ్య అరుగు మీద కూర్చుని, అప్పుడు అడిగాడు మంచినీళ్ళు.

మా ఆయన మళ్ళీ పడవ ఎక్కడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. ఎక్కాడు.

ఆ తర్వాత కొలిమి గుమ్మంలో ఒక కుండ వెలిసింది. నీళ్ళలో కాస్త నూనె కలిపి ఉంచేవాడు. ఎవరు కత్తి తీసుకోవడానికి వచ్చినా, "తడిచేత్తో పట్టి చూడు, అప్పుడు తీసుకెళ్ళు" అనేవాడు. కాలవగట్టున కొబ్బరిబొండాలు కొట్టే వాళ్ళయినా, కోర్టులో పనిచేసే గుమాస్తాగారయినా చెయ్యి ముంచాల్సిందే. ఊళ్ళో వేళాకోళం చేశారు. ఆయన పట్టించుకోలేదు.

ఒకసారి గుడివాడ వైపు నుంచి పెద్ద ఆసామి ఒకాయన వచ్చాడు. కొమ్ము పిడి, అద్దం మెరుగు, వెండి పొన్నులు కావాలన్నాడు. మావయ్య కుండ చూపించాడు. పట్టుపంచె ఆయనకు కోపం వచ్చింది. "నేనేమన్నా చేపలు కోస్తానా? గాజు బీరువాలో పెట్టుకోవడానికయ్యా" అన్నాడు. మావయ్య ముఖం విప్పారింది. "ఆ ముక్క ముందే చెప్పొద్దూ మీరు!" అని, పదిరోజుల్లో కళ్ళు చెదిరేట్టు చేసి ఇచ్చాడు. ఆసామి వేలు ఆనించి చూసుకుని, "పదును లేదేమిటయ్యా?" అన్నాడు. "చూసుకునే కత్తికి పదునెందుకండీ? పిల్లలున్న ఇల్లు కదా" అన్నాడు మావయ్య. ఆసామి కాసేపు గుడ్లురిమి, చివరికి తనే నవ్వేసి పట్టుకెళ్ళాడు.

మా ఆయన చెయ్యి కోసిన ఆ కత్తి ఏమైందో నాకు చాలా రోజులు తెలీదు. ఒకసారి కొలిమి లోపలికి వెళ్తే, దాగలి ఎదురుగా గోడకు మేకు కొట్టి తగిలించి ఉంది. బయటి నుంచి వచ్చినవాళ్ళకు కనబడదు. సుత్తి పట్టి కూర్చున్నవాడికే కనిపిస్తుంది. నేను ముఖం తిప్పుకున్నాను. "తీసెయ్యండి మావయ్యా, చూడలేను" అన్నాను.

"అది నీ కోసం పెట్టింది కాదమ్మాయీ" అన్నాడు.

నాలుగేళ్ళు అది అక్కడే ఉంది. తీసింది మా ఆయనే. ఒక ఎండాకాలం బాగా చేపలు పడ్డ రోజున రెండు పండుగప్పలు పట్టుకుని మావయ్య ఇంటికి వెళ్ళాం. మా ఆయన లోపలికి వెళ్ళి, గోడకున్న కత్తిని తీసి, ఎడంచేతి బొటనవేలితో వాదర తడిమి చూశాడు.

"ఇనుము మంచిదేగా మావయ్యా?" అన్నాడు.

మావయ్య తల ఊపాడు.

"అయితే పిడి మార్చి ఇవ్వు. ఇంట్లో చేపలు కోసుకోవడానికి పనికొస్తుంది. గోడ మీద ఎంతకాలం పెడతావు?"

మావయ్య అప్పటికప్పుడే కొమ్ము ఊడగొట్టాడు. ఆ కొమ్ము ముక్కను కొలిమిలో పడేస్తే వీధంతా కంపు కొట్టింది. అత్తయ్య ముక్కు మూసుకుని తిడుతూ బయటికొచ్చి, మా ముగ్గురి ముఖాలూ చూసి తిట్టడం ఆపేసింది. తుమ్మ పిడి బిగించి, మెరుగంతా ఆకురాయితో రాసేసి, ఆయన ఆ కత్తి నా చేతికిచ్చాడు. కుండ వైపు చూశాడు. నేను చెయ్యి ముంచాను.

ఆయన చేసిన కత్తులు ఈ జిల్లాలో ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో నాకు తెలీదు. వాడేవాళ్ళలో చాలామందికి చేసినవాడెవరో కూడా తెలిసి ఉండదు. చెయ్యి తెగకుండా సాగిపోయిన రోజుల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆయనకూ ఆ పట్టింపు ఉండేది కాదు. నేను మాత్రం పిల్లల చేత అక్షరాలు దిద్దించేటప్పుడు, బలపం ఏ చేత్తో పట్టుకున్నా ఆ చేతిని మార్పించను. అది ఆయన దగ్గర నేర్చుకున్నదే.

కబురు తెలిసిన మధ్యాహ్నమే బడికి సెలవు చెప్పి, మా ఆయనా నేనూ బందరు వెళ్ళాం. అప్పటికే మావయ్యను శ్మశానానికి తీసుకెళ్ళిపోయారు. మా ఆయన అటే వెళ్ళాడు. నేను అత్తయ్య పక్కన, కొలిమి ముందున్న బల్ల మీద కూర్చున్నాను. నాకు తెలిసి ఆ కొలిమి అంతసేపు చప్పుడు లేకుండా ఉండడం అదే మొదటిసారి.

కొంతసేపటికి ఎవరిదో ఎర్రకోడి ఒకటి లోపలికి వచ్చింది. అటూ ఇటూ చూసి, కొలిమి గట్టెక్కి, పొద్దుటి బూడిదలోకి దిగింది. ఇంకా లోపల కాస్త వెచ్చగా ఉన్నట్టుంది. రెక్కలు విప్పి బూడిద ఒళ్ళంతా చల్లుకుని, సర్దుకుని కూర్చుంది.

నేను లేవబోయాను. "తోలెయ్యనా అత్తయ్యా?"

"ఉండనీవే" అంది అత్తయ్య. "వెచ్చదనం ఉన్నంతసేపు కూర్చోనీ."

కోడి కళ్ళు మూసుకుంది. దాని మీద నుంచి సన్నగా బూడిద లేచి, గుమ్మంలోంచి పడుతున్న ఎండలో మెల్లగా తిరుగుతూ ఉండిపోయింది.