కచ్చా కుట్ల దారి

టేపక్క చదువు మూడో తరగతితో సరి. సొంత భాషలో బస్సు బోర్డు చదవాలన్నా కూడబలుక్కోవాల్సిందే. ఆమె చదివేలోపు బస్సు వెళ్ళిపోయేది. అందుకే, "ఆ దేశంలో మన మాట ఒక్కడికీ రాదంట, ఎలా బతుకుతావే?" అని తోడికోడలు గుండెలు బాదుకుంటే, "ఇక్కడి బోర్డులన్నీ నేను చదివేసినట్టు!" అని నవ్వి విమానమెక్కింది. పద్నాలుగో ఏట కుట్టుమిషను తొక్కడం మొదలుపెట్టిన మనిషి, యాభై దాటినా మెడలో టేపు తియ్యదు. ఆ పేరు అందుకే వచ్చింది.

పని ఒక పెద్ద హోటల్లో, నేల కింద, కిటికీ లేని గదిలో. చిరిగిన దుప్పట్లూ బొత్తాలూడిన వెయిటర్ల కోట్లూ పైనుంచి అక్కడికే దిగొస్తాయి. పక్క బల్ల మీద ఇస్త్రీ చేసే చెల్లి ఉంటుంది. తోడబుట్టింది కాదు, పక్క మంచంలో పడుకునే చెల్లి. మనవాళ్ళు మొత్తం పన్నెండు మంది. పన్నెండు మందికీ కలిపి ఒకే నోరు, దుబాసీ. హోటలువాళ్ళు పెట్టిన మనిషి. అతనికి రెండు భాషలూ వచ్చు, వచ్చన్న పొగరూ ఉంది.

చెల్లి కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతే అతనే ఆసుపత్రిలో చేర్చాడు. మూడోనాడు పొద్దున్నే వచ్చి, "ఏం లేదంట. మధ్యాహ్నం తీసుకొచ్చేస్తా. రేపట్నుంచి పన్లోకి రావాల్సిందే," అన్నాడు.

"నెలరోజుల్నుంచి ముద్ద దిగితే చాలు, విలవిల్లాడుతోంది. ఏం లేకపోవడమేంటి బాబూ? నేనూ వస్తా."

"నువ్వొచ్చి ఏం చేస్తావ్? నీకు మంచినీళ్ళడగడం కూడా రాదు. గేటు దాటితే తప్పిపోతావ్. తర్వాత నిన్ను నేను వెతకలేను."

"నిన్నెవడు వెతకమన్నాడు?"

ఆ రోజు టేపక్కకి సెలవే. దుబాసీ అటు తిరగ్గానే చెల్లి ఫొటో ఉన్న పనికార్డూ, సుద్దబిళ్ళా, గుప్పెడు ఎర్రగుడ్డ పీలికలూ సంచిలో వేసుకుని బయల్దేరింది. గుడ్డలారేసే డాబా మీద నిలబడితే ఆసుపత్రి నెత్తిన పచ్చటి ప్లస్సు గుర్తు కనిపిస్తుంది. కిందికి దిగితే మాత్రం మేడల వెనక మాయం. టైలరుకి అదో లెక్కా? అసలు కుట్టు వేసేముందు గుడ్డ జారకుండా పొడుగ్గా కచ్చా కుట్లు వేసుకోదూ? అలాగే మలుపు మలుపుకీ ఒక ఎర్ర పీలిక కట్టుకుంటూ నడిచింది. కంచెకి కడుతుంటే కాపలావాడొకడు ఏదో అరిచాడు.

"నీ కంచె ఎత్తుకుపోన్లే నాయనా!" అని ఈమే అంత గొంతుతో అరిచి, రెండు ముళ్ళు వేసి మరీ కదిలింది. దారి తెలియని చోట పేవ్‌మెంటు మీద సుద్దతో ప్లస్సు గీసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పూలమ్మే ముసలామె నవ్వి చెయ్యి చూపించింది. ఆసుపత్రిలో పనికార్డు చూపిస్తే కౌంటరు పిల్ల వార్డుదాకా వచ్చి దిగబెట్టింది.

చెల్లి ఇంకా ఆసుపత్రి గౌనులోనే ఉంది. సొంత బట్టలు మంచం మీద మడతపెట్టి ఉన్నాయి.

"అక్కా! ఒక్కదానివే వచ్చావా?"

"నడిచొచ్చా. నొప్పి తగ్గిందా?"

"ఎక్కడ తగ్గిందీ?"

"మరి చెప్పలేదే?"

"ఎలా చెప్పనక్కా? డాక్టరమ్మ వచ్చినప్పుడల్లా ఆయన పక్కనే ఉంటాడు. మగాడి ముందు రొమ్ము కింద చెయ్యి పెట్టి ఇక్కడని ఎలా చూపించను? కడుపునొప్పి అన్నాను. 'గ్యాసని చెప్పేశా, పద' అన్నాడు."

టేపక్కకి ఒళ్ళు మండిపోయింది. కొలతలిచ్చేటప్పుడు ఆడవాళ్ళు మొగుడికి చెప్పనివి కూడా ఆమెకి చెప్పుకునేవాళ్ళు.

"లే. నిలబడు. చేతులెత్తు. ఎక్కడ మొదలవుతుంది?"

కుడి పక్కటెముకల కింద గౌను మీద సుద్దతో ఇంటూ పడింది. అక్కణ్ణుంచి గీత పక్కకి తిరిగి, వీపు మీదుగా కుడి భుజం దాకా పాకింది. నొప్పి ఎక్కువున్న చోట లావుగా, తక్కువున్న చోట సన్నగా. గౌను పాడుచేస్తోందని నర్సు కేకలేస్తూ వచ్చింది.

"ఉతికితే పోతుందమ్మా! దీని నొప్పి పోతుందా? డాక్టర్ని పిలు!"

నర్సుకి మాట అర్థం కాలేదు గానీ, ఈ మనిషి కదలదని అర్థమైంది. డాక్టరమ్మ వచ్చింది. టేపక్క గీత మొత్తం వేలితో చూపించి, పక్కనున్న ఎంగిలి ప్లేటు పైకెత్తి, నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు చేసి, మళ్ళీ ఇంటూ మీద వేలు పెట్టింది. డాక్టరమ్మ సరిగ్గా అక్కడే నొక్కింది. చెల్లి కెవ్వుమంది. ఇంకేముంది, మంచాన్ని చక్రాల మీద స్కానింగు గదికి తోసుకుపోయారు.

మధ్యాహ్నం దుబాసీ వచ్చేసరికి మడత బట్టలు టేపక్క ఒళ్ళో ఉన్నాయి. డాక్టరమ్మ అతణ్ణి నిలబెట్టి గట్టిగా ఏదో అడిగింది. అతను నేలచూపులు చూశాడు.

"ఏమంటోంది?" అంది టేపక్క.

"పిత్తాశయంలో రాళ్ళంట. రేపు పొద్దున ఆపరేషనంట."

"ఇంకా?"

"నువ్వు నర్సువా అని అడుగుతోంది."

"ముప్పై ఎనిమిదేళ్ళు జాకెట్లు కుట్టానని చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు. మధ్యలో గ్యాసు కలపకు."

మంచం మీద చెల్లి, నొప్పిలోనే, పకపకా నవ్వింది.

సాయంత్రం బయట దుబాసీ వ్యాను తలుపు తీసి, "ఎక్కు, చీకటిపడితే దారి తప్పుతావ్," అన్నాడు.

"ఎక్కను. నా దారి నేను కుట్టుకున్నా."

మొదటి మలుపు దగ్గర ఎర్ర పీలిక గాలికి కొట్టుకుంటోంది. విప్పుదామని చెయ్యి వేసి ఆగింది. అసలు కుట్టు రేపు పొద్దున చెల్లి కడుపు మీద కదా పడేది! అప్పటిదాకా కచ్చా కుట్టు విప్పితే టైలరెలా అవుతుంది? పీలిక కొస మునిపంట పట్టి, ముడి ఇంకాస్త బిగించి, రెండో పీలిక కోసం చూసుకుంటూ నడిచింది.